5% క్యాష్‌బ్యాక్ కార్డా, అన్నిటికీ 1.5% ఇచ్చే కార్డా?

కొత్తకార్డు:
ఇంటి ఖర్చులన్నీ క్రెడిట్ కార్డు మీదకి మార్చాలని చూస్తున్నాను. నెలకి సరుకులు 12,000, ఆన్‌లైన్ కొనుగోళ్ళు 9,000, బిల్లులు 8,000, పెట్రోల్ 5,000, చిల్లరమల్లర 6,000. వెరసి 40,000. రెండు కార్డులు చూసి పెట్టుకున్నాను. ‘ఏ’ అన్నిటి మీదా 1.5% ఇస్తుంది, ఫీజు లేదు. ‘బి’ సరుకులు, ఆన్‌లైన్ మీద 5%, మిగతావాటి మీద 1% ఇస్తుంది, ఏడాదికి 1,000 ఫీజు. పెట్రోల్‌కి రెండిట్లోనూ సున్నాయే. కళ్ళు మూసుకుని ‘బి’ తీసుకోవచ్చా?

పైసాలెక్క:
తీసుకోకండి. ‘బి’కి నెలవారీ క్యాప్ ఎంతో మీరు రాయలేదు. 5% అని పెద్ద అక్షరాల్లో ఉన్నచోట, కింద చిన్న అక్షరాల్లో తరచూ గరిష్ఠ పరిమితి ఉంటుంది. అది చూసి చెప్పండి.

కొత్తకార్డు:
చూశానండీ. 5% భాగానికి నెలకి 500 దాటదట. దాటితే ఆ ఖర్చుకి ఇక ఏమీ రాదు.

పైసాలెక్క:
అయితే 500ని 5%తో భాగించండి, 10,000. అంతవరకే అది 5% కార్డు. సరుకులు, ఆన్‌లైన్ కలిపి మీ ఖర్చు 21,000, అంటే 11,000 ఉత్తపుణ్యానికి గీకినట్టే.

‘బి’ ఒక్కటే వాడితే: 500, దానికి తోడు బిల్లులు, చిల్లర ఖర్చులు కలిపి 14,000 మీద 140. నెలకి 640, ఏడాదికి 7,680. ఫీజు తీసేస్తే 6,680.
‘ఏ’ ఒక్కటే వాడితే: పెట్రోల్ పోను 35,000 మీద 525. ఏడాదికి 6,300.

ఇంత హడావిడికీ తేడా 380. రెండూ తీసుకుంటే మాత్రం కథ మారుతుంది. ‘బి’ మీద సరిగ్గా 10,000 గీకి ఆపేయండి, పెట్రోల్ పోను మిగిలిన 25,000 ‘ఏ’ మీద. 500, 375 కలిపి 875. ఏడాదికి 10,500, ఫీజు పోను 9,500. మీ ఖర్చుకి నేనైతే ఇదే సరి అంటాను. ఎక్కడ ఆపాలో గుర్తుండదనుకుంటే ‘ఏ’ ఒక్కటే చాలు.

నాలుగంకెలు:
పై లెక్క బాగుంది, కానీ దుకాణం ఏ కోడ్ కింద నమోదైందన్న దాని మీదే అది నిలబడుతుంది. కార్డు యంత్రం వెనక ప్రతి వ్యాపారికీ నాలుగంకెల కేటగిరీ కోడ్ ఉంటుంది, దాన్నే ఎం.సి.సి. అంటారు. సూపర్‌మార్కెట్‌కి 5411, డిపార్ట్‌మెంట్ స్టోర్‌కి 5311, హోల్‌సేల్ క్లబ్‌కి 5300. మీరు కొన్నది అదే సబ్బు కావచ్చు. 5411లో కొంటే 5%, 5311లో కొంటే 1%. సంచిలో ఏముందో బ్యాంకుకి తెలియదు, దానికి కనబడేది ఆ అంకెలే.

అందుకే మొదటి నెల ప్రతి దుకాణంలోనూ ఒక చిన్న బిల్లు కట్టి చూడండి. లావాదేవీ ‘పెండింగ్’లో ఉన్నప్పుడు కనిపించే కేటగిరీని నమ్మకండి, పోస్ట్ అయ్యాక, అంటే ఖాతాలో ఖాయంగా నమోదయ్యాక, మారవచ్చు. మధ్యలో ఏదైనా యాప్ ద్వారా కడితే దుకాణం కోడ్ బదులు ఆ యాప్ కోడ్ పడే అవకాశం ఉంది. వాలెట్‌లో డబ్బు వేసుకోవడం 6540 కింద వస్తుంది, దాన్ని చాలా కార్డులు మినహాయింపుల్లో పెడతాయి. అద్దె, బిల్లులు కూడా ఆ మినహాయింపుల్లో ఉన్నాయేమో చూసుకోండి. మీ 8,000 బిల్లుల మీద రావాల్సిన క్యాష్‌బ్యాక్ అక్కడే ఎగిరిపోవచ్చు.

కొత్తకార్డు:
10,000 దగ్గర ఆపడానికి నెల 1వ తేదీ నుంచి లెక్కపెట్టుకుంటే సరిపోతుందా?

పైసాలెక్క:
క్యాప్ క్యాలెండర్ నెలకా, స్టేట్‌మెంట్ సైకిల్‌కా (ఒక కార్డు బిల్లు నుంచి మరో బిల్లు దాకా) అని నిబంధనల్లో చూడండి. స్టేట్‌మెంట్ 18న వచ్చే కార్డుకి సైకిల్ 19న మొదలవుతుంది. మీరు గీకిన రోజు కాకుండా పోస్ట్ అయిన రోజుని లెక్కలోకి తీసుకునే కార్డులున్నాయి. 17న కొన్నది 19న పోస్ట్ అయితే వచ్చే నెల క్యాప్‌ని తింటుంది. సైకిల్ చివరి రెండుమూడు రోజులు ‘బి’ని పక్కన పెడితే గొడవ ఉండదు. వస్తువు వెనక్కి ఇస్తే దాని మీద వచ్చిన క్యాష్‌బ్యాక్ కూడా వెనక్కి పోతుంది.

‘ఏ’ నిబంధనల్లో “ప్రతి 100కి 1.5” అని ఉందా, “ఖర్చులో 1.5%” అని ఉందా? మొదటిదైతే 199 బిల్లుకి వచ్చేది 1.5 మాత్రమే, మిగతా 99 లెక్కలోకి రాదు. అలాంటి బిల్లులే ఎక్కువుంటే 1.5% కాస్తా దాదాపు 0.75%కి దిగుతుంది.

వడ్డీమేస్త్రి:
ఇంతమంది ఇన్ని లెక్కలు వేశారు, వడ్డీ మాట ఎత్తలేదు. నెలకి 3% వడ్డీ అనుకుని 30,000 కట్టకుండా వదిలేస్తే ఒక నెలకే 900. మీ క్యాష్‌బ్యాక్ 875. పైగా బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్ళకి వడ్డీలేని గడువు ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. మినిమం డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే కడితే లేట్ ఫీజు తప్పుతుందేమో గానీ వడ్డీ ఆగదు. కార్డు చేతికొచ్చిన రోజే ఆటో-డెబిట్ పెట్టండి. అక్కడ ‘మినిమం డ్యూ’, ‘టోటల్ డ్యూ’ అని రెండు ఉంటాయి, టోటల్ ఎంచుకోండి.

కొత్తకార్డు:
‘ఏ’ నిబంధనల్లో “ప్రతి 100కి” అనే ఉంది. అయితే చిన్న బిల్లులు దేని మీద వేయాలి?

పైసాలెక్క:
సరుకుల దుకాణంలోవైతే క్యాప్ నిండేదాకా ‘బి’ మీద. పెద్ద బిల్లులు ‘ఏ’కి వదలండి. ‘బి’కి కూడా అదే 100ల నిబంధన ఉందేమో ముందు చూడండి.