తాగని మనిషి విసెరా రిపోర్ట్‌లో ఆల్కహాల్ ఎలా వచ్చింది?

గోంగూర_గుంటూరు:
నమస్తే అందరికీ. మే నెలలో మా బాబాయ్ ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు పోయారు, పిన్ని పెళ్ళికని ఊరెళ్ళింది, వాసనొస్తోందని పక్కింటోళ్ళు తలుపు పగలగొట్టేసరికి బాడీ ఉబ్బిపోయింది. పోస్ట్‌మార్టంలో తీసిన అవయవాల ముక్కల్ని (విసెరా అంటారట) ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపారు, ఇప్పుడు ఆ ఎఫ్ఎస్ఎల్ రిపోర్ట్‌లో ఇథైల్ ఆల్కహాల్, అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్ ఉన్నాయని రాశారు, ఎంతెంత అన్నది లేదు. బాబాయ్ జన్మలో మందు ముట్టలేదు. షుగర్ ఉంది, అరికాళ్ళ మంటలకి రాత్రిపూట ఒక బిళ్ళ వేసుకునేవారు అంతే. పాలసీ తీసుకుని ఎనిమిది నెలలే, అందుకని ఇన్సూరెన్స్ వాళ్ళు రెండు రకాల డిప్రెషన్ మాత్రలు మందులో కలుపుకుని తాగారు, సూసైడ్ అంటున్నారు. పిన్ని అన్నం మానేసింది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఫోరెన్సిక్_పీజీ:
ముందు ఆ "రెండు రకాలు" గొడవ తేల్చేద్దామండీ. అమిట్రిప్టిలిన్‌ని లివర్ మార్చితే వచ్చేదే నార్ట్రిప్టిలిన్, విడిగా మింగక్కర్లేదు. రోజూ వేసుకునేవాళ్ళలో రెండూ కనబడతాయి. షుగర్ వాళ్ళ అరికాళ్ళ మంటలకి రాసే బిళ్ళల్లో అమిట్రిప్టిలిన్ ఒకటి, చిన్న డోసులో, 10 లేదా 25 మిల్లీగ్రాములు.
ఇక ఆల్కహాల్. మే ఎండల్లో అన్ని రోజులంటే బాక్టీరియా, ఈస్ట్ కలిసి ఒంట్లో చక్కెరని పులియబెట్టేస్తాయి, దోసెల పిండి పొంగినట్టే అనుకోండి, షుగర్ పేషెంట్ అయితే సరుకు ఇంకా ఎక్కువ దొరుకుతుంది. అలా పుట్టిందే 100 మి.లీ. రక్తంలో 100 మి.గ్రా. దాటిన కేసులున్నాయి, డ్రంకెన్ డ్రైవ్ లిమిట్టేమో 30. కంటిగుడ్డులో నీరు తీసి ఉంటే బాగుండేది, అక్కడికి బాక్టీరియా లేటుగా చేరుతుంది. కానీ అంత కుళ్ళిన బాడీలో అదీ సరిగ్గా దొరకదు.

రిటైర్డ్_ల్యాబ్:
ముప్పై ఏళ్ళు ఆ సీసాలతోనే గడిపాను బాబూ. పొట్ట, పేగుముక్క ఒక సీసా, లివర్, కిడ్నీ ఇంకోటి, రెండిట్లోనూ ఉప్పునీళ్ళే. రక్తం మాత్రం సోడియం ఫ్లోరైడ్ వేసి విడిగా పంపాలి, వేయకపోతే స్టేషన్ బీరువాలో ఉన్నన్నాళ్ళూ సీసాలోనే పులుస్తుంది. పోస్ట్‌మార్టం రిపోర్ట్ చివర ఏం వేశారో చూడు. ఆ రక్తం గుండెలోదా తొడ దగ్గరదా అన్నదీ చూడు. అమిట్రిప్టిలిన్ బతికున్నప్పుడు లివర్‌లో, ఊపిరితిత్తుల్లో, గుండె కండలో దాక్కుంటుంది, ప్రాణం పోయాక మెల్లగా కారి గుండె రక్తంలో కలుస్తుంది, అక్కడ ఎక్కువ కనబడిందని ఎక్కువ మింగాడనలేం. మాకొచ్చే సీసాల మీద సగం సార్లు ఉత్త "బ్లడ్" అనే ఉండేది. ఎక్కడిదయ్యా అని ఫోన్ చేస్తే అటెండర్ని అడిగి చెప్తాం సార్ అనేవాళ్ళు!

వరంగల్_వకీల్:
అట్లని ఏం కాలేదని కూడా ఆ రిపోర్ట్ చెప్తలేదు గద అన్నా. ఉన్నదన్నరు, ఎంతున్నదో చెప్పలే. అది ఇన్సూరెన్సోళ్ళకు పనికిరాదు, మీకూ పనికిరాదు. మాత్రల స్ట్రిప్ ఏమైంది? పొట్టల మాత్రల పిండిలాంటిది ఏమన్న కనవడ్డదని డాక్టర్ రాసిండా?

గోంగూర_గుంటూరు:
పొట్ట సంగతి తెలీదండీ. స్ట్రిప్ మాత్రం పంచనామాలో ఉంది, పదిలో ఆరు మిగిలాయి. మెడికల్ షాప్ బిల్లు 9వ తారీఖుది, పాత స్ట్రిప్ ఆ రోజే అయిపోయిందని పిన్ని అంటోంది. 12 రాత్రి పడుకోబోతూ పిన్నికి ఫోన్ చేశారు, అదే ఆఖరు. తలుపు తీసింది 15న.

రిటైర్డ్_ల్యాబ్:
9, 10, 11, 12. నాలుగు రాత్రులు, నాలుగు బిళ్ళలు. ఆ బిల్లు, పంచనామా కాపీ పట్టుకుని పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్‌ని కలువు. చావుకి కారణం మీద ఫైనల్ ఒపీనియన్ ఇవ్వాల్సింది ఆయన, ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చున్నాయన కాదు. లివర్ ముక్క ఇంకా ల్యాబ్‌లో ఉంటే ఎంతుందో కొలవమని ఎస్సై ద్వారా అడగొచ్చు.

వరంగల్_వకీల్:
క్లెయిమ్ రిజెక్ట్ చేస్తే రాతపూర్వకంగ తీస్కోండి. ముందు కంపెనీకే కంప్లైంట్ పెట్టి, అప్పటికీ వినకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు, ఫీజు లేదు, నాలాంటి వకీలు కూడ అక్కర్లేదు.

గోంగూర_గుంటూరు:
ఫైనల్ ఒపీనియన్ ఇంకా రాలేదండీ, రేపు పొద్దున్నే స్టేషన్‌కెళ్తా. ఆ నార్ట్రిప్టిలిన్ ముక్క మాత్రం ఇప్పుడే పిన్నికి చదివి వినిపించాను, మళ్ళీ చదవమంది.