షిఫ్టు డ్యూటీ ఇళ్లలో కుటుంబ ప్రార్థన: రోజూ ఒకే వేళకి జరిగి తీరాలా?

ఉక్కునగరం_వాకిలి

అందరికీ వందనాలు. మన విశాఖలో స్టీల్‌ప్లాంట్, రిఫైనరీ, షిప్‌యార్డు, పోర్టుల్లో పనిచేసే క్రైస్తవ కుటుంబాల్లో ఎన్నాళ్లుగానో తెగని మాట ఒకటి ఇక్కడ పెడుతున్నాను. కుటుంబ ప్రార్థన రోజూ రాత్రి ఒకే వేళకి, ఎవరున్నా లేకున్నా జరిగి తీరాలని కొందరు పెద్దలంటారు. పిల్లలు రామన్నా కూర్చోబెట్టాలంటారు. ఉదయం 6కి ఒక షిఫ్టు, మధ్యాహ్నం 2కి ఒకటి, రాత్రి 10కి ఇంకొకటి మారుతుంటే ఆ వేళ ఎలా నిలుస్తుంది? అందరూ ఇంట్లో ఉన్న రాత్రుల్లో మనసారా చేసుకుంటే చాలదా అని ఇంకొందరంటారు. ప్రోత్సాహపు మాటలు ప్రసంగాల్లో వింటూనే ఉన్నాం. ఏ గంటకి, ఎంతసేపు, ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నది రాయండి.

పాతపోస్టాఫీసు

వేళ ఉండి తీరాలి. దానియేలు 6:10 చూడండి. రాజుకి తప్ప ఎవరికీ ప్రార్థించకూడదన్న శాసనం మీద సంతకం పడిందని తెలిశాక కూడా దానియేలు ఇంటికి వెళ్లి, ముందు చేసినట్టే రోజుకి మూడుసార్లు మోకరించాడు. అలవాటు ముందే ఉంది కాబట్టి ఆపద రోజున కొత్తగా తెచ్చుకోవాల్సిన పని పడలేదు.

వీలున్నప్పుడు చేద్దాం అన్న ఇంట్లో జరిగేది ఒకటే. మొదటి వారం రెండు రోజులు తప్పుతుంది, రెండో వారం నాలుగు. నెల తిరిగేసరికి పుట్టినరోజుకీ జనవరి ఒకటికీ మిగులుతుంది. దీనికి భక్తి తగ్గడం కారణం కాదు. రోజూ "ఇవాళ చేద్దామా?" అని ఎవరో ఒకరు అడగాల్సి రావడమే కారణం. ఆ ప్రశ్న ఇంట్లో పుట్టకూడదు.

నా లెక్క 12 నిమిషాలు. ఒక కీర్తన రెండు చరణాలు 3 నిమిషాలు. వాక్యం 12 నుంచి 15 వచనాలు, మరో 3. దాని మీద ఒకే ఒక ప్రశ్న, 2. తలా ఒకటి రెండు మాటల ప్రార్థన 3 నిమిషాలు, చివర యేసు నేర్పిన పరలోక ప్రార్థన. బైబిళ్లు, పాటల పుస్తకం కూర్చునే చోటే ఉండాలి. వెతుక్కోవడానికి లేచిన పిల్లవాడు పది నిమిషాలకి గానీ తిరిగి రాడు. ఫోన్లో బైబిల్ వద్దు. మధ్యలో ఒక్క మెసేజ్ వస్తే ఇంటిల్లిపాదీ కళ్లూ అటే పోతాయి. నాన్న డ్యూటీలో ఉంటే అమ్మ నడిపిస్తుంది, అమ్మకి కుదరకపోతే పెద్దబిడ్డ. నాన్న వచ్చేదాకా ఆపడం మాత్రం వద్దు.

షీలానగర్_వంటిల్లు

అన్నా, మీ 12 నిమిషాల లెక్కలో ఒకటి వదిలేశారు. తొమ్మిదింటికి అందరూ చాప మీద ఉండాలంటే ఎనిమిదిన్నరకల్లా అన్నాలు తినడం అవ్వాలి, ఎనిమిదీ యాభైకల్లా కంచాలు, గిన్నెలు సింకులోంచి బయటపడాలి. ఆ ఇరవై నిమిషాల పని ఎవరిది? చాలా ఇళ్లలో అమ్మ గిన్నెలు తోముతూనే "మీరు మొదలెట్టండి" అంటుంది. పాట అయిపోయాక తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంటుంది. ఆవిడ మనసు ఇంకా స్టవ్ దగ్గరే ఉంటుంది. పిల్లలు అది రోజూ చూస్తారు.

1 పేతురు 3:7లో భర్తలకి చెప్పిన మాట: భార్యని సన్మానించండి, మీ ప్రార్థనలకి అభ్యంతరం కలగకుండా. ఆ వచనాన్ని కొట్టుకోవద్దు, తిట్టుకోవద్దు అన్నంత వరకే చదువుతారు. గిన్నెల దగ్గర కూడా చదవాలి. ఒకరు కంచాలు తీయాలి, ఒకరు తోమాలి, ఒకరు పాలు తోడుపెట్టాలి. అప్పుడే వేళ గురించి మాట్లాడే హక్కు వస్తుంది.

భోజనానికి ముందా తర్వాతా అన్నది కూడా తేల్చుకోవాలి. ముందు పెడితే ఆకలి మీద పిల్లలు గునుస్తారు, నాన్న తొందరపెడతాడు. తర్వాత పెడితే ఐదేళ్ల లోపు పిల్లలు వాక్యం దగ్గరే నిద్రపోతారు. రెండూ కాని చోటు ఒకటుంది. అందరూ తినడం అయ్యాక కంచాల ముందు నుంచి లేవకముందే, అక్కడికక్కడే చేసుకోవడం. చాప పరవక్కర్లేదు, ఎవర్నీ పిలవక్కర్లేదు. ఎండిపోయిన కంచాలు తోమడం కొంచెం కష్టమే, కానీ ఈ పద్ధతే ఎక్కువ కాలం నిలుస్తుంది.

సండేస్కూల్_మర్రిపాలెం

అక్క చెప్పిన చోటే నాకూ నచ్చింది. పిల్లల వైపు నుంచి రాస్తాను. పదేళ్లలోపు పిల్లలు ప్రార్థన అంటే పారిపోరు. దాని పేరుతో పెట్టే మూడింటికి పారిపోతారు.

మొదటిది ప్రసంగం. 15 వచనాలు చదివి నాన్న 25 నిమిషాలు వివరిస్తే అది ఆదివారం ఆరాధనలో ముక్క. ఇంట్లో ఒక్క ప్రశ్న చాలు: "ఈ కథలో నువ్వుంటే ఎవరి పక్కన నిలబడతావు?" జవాబు తప్పుగా చెప్పినా దిద్దకండి, రేపటి వాక్యంలో అదే దిద్దుకుంటుంది.

రెండోది, అన్నిటికంటే చేటు చేసేది, దేవుడితో మాట్లాడుతున్నట్టు పిల్లవాడిని తిట్టడం. "ప్రభువా, వీడికి ఫోను పిచ్చి తీసెయ్యి, లెక్కల్లో 38 వచ్చాయి, బుద్ధి దయచెయ్యి" అంటారు. కళ్లు మూసుకుని కూర్చున్న పిల్లవాడికి అక్కడ నోరెత్తే వీలు కూడా ఉండదు. ఎఫెసీ 6:4, కొలొస్సయి 3:21 రెండూ తండ్రులకే చెప్పాయి, పిల్లలకి కోపం పుట్టించవద్దని. మందలించాల్సింది ఉంటే ప్రార్థనకి గంట ముందే, విడిగా, ముఖం చూసి మందలించండి. ప్రార్థనలో ఆ పిల్లవాడి గురించి కృతజ్ఞత మాట ఒక్కటైనా రావాలి.

మూడోది వరుస చదువు. ఆదికాండం మొదలుపెట్టి రోజుకో అధ్యాయం చొప్పున పోయేవాళ్లు నిర్గమకాండం 25 దగ్గర, ప్రత్యక్ష గుడారం కొలతల్లో ఆగిపోతారు. దాటితే లేవీయకాండంలో ఆగుతారు. ఇంటికి మార్కు సువార్త మేలు. 16 అధ్యాయాలే, రోజుకి 15 వచనాలైతే నెలన్నరలో పూర్తి. సామెతలు 31 అధ్యాయాలు కాబట్టి తేదీకొకటి అంటారు గానీ, ఒక్కోదాంట్లో పాతిక ముప్ఫై వచనాలుంటాయి. అందులో ఐదు ఏరుకోండి.

వయసు కూడా చూడాలి. ఐదేళ్లలోపు వాళ్లకి ఒక పాట, ఒక వచనం, ఒక వాక్యపు ప్రార్థన, మొత్తం 4 నిమిషాలు. తర్వాత వాళ్లు ఆడుకున్నా పర్వాలేదు, వింటూనే ఉంటారు. 12 దాటిన వాళ్లకి వారంలో ఒక రోజు నడిపించే పని పూర్తిగా అప్పగించండి. పాట, వాక్యం వాళ్ల ఇష్టం. నాన్న ఆ రోజు వినాలి.

ఉక్కునగరం_వాకిలి

ఇవన్నీ పట్టుకుని షిఫ్టుల వారీగా ఇలా అనుకుంటున్నాను, తప్పుంటే చెప్పండి. ఉదయం షిఫ్టు వారంలో నాన్న నాలుగున్నరకి లేవాలి కాబట్టి రాత్రి ఎనిమిదింటికే, భోజనాల దగ్గరే. మధ్యాహ్నం షిఫ్టులో ఇంటికి చేరేసరికి పదిన్నర, పావు తక్కువ పదకొండు. అప్పటిదాకా పిల్లల్ని మేలుకొలిపి ఉంచడం అన్యాయం. ఆ వారం ఉదయం స్కూలు బస్సుకి అరగంట ముందు 8 నిమిషాలు, పాట లేకుండా. రాత్రి షిఫ్టులో తొమ్మిదింటికి బయల్దేరాలి, కాబట్టి ఎనిమిదింపావుకి, బండి తీసే ముందు అందరూ ఆయన చుట్టూ నిలబడి. షిఫ్టు మారే రోజు ఒక్కటే ఇబ్బంది. నిద్ర చాలని మనిషి ఆ రోజు నడిపించకూడదు, విసుగు మాటలోకి వస్తుంది.

పాతపోస్టాఫీసు

తమ్ముడూ, మూడు వారాలకి మూడు వేళలంటే చిన్నపిల్లలకి అలవాటు ఎలా ఏర్పడుతుంది? తిండి వేళ, నిద్ర వేళ మారిస్తే పిల్లలు ఎంత చిరాకు పడతారో ఇదీ అంతే. నేననేది, రాత్రి ఎనిమిదింపావు అని పెట్టండి. ఉదయం షిఫ్టుకి, రాత్రి షిఫ్టుకి నాన్న అందులోనే ఉంటాడు. మధ్యాహ్నం షిఫ్టు వారం ఒక్కటే ఉండడు. ఆ వారం వేళ మార్చకండి, అమ్మ నడిపిస్తుంది. నాన్న బ్రేక్‌లో ఆ రోజు వాక్యమే చదువుకుంటాడు. మర్నాడు పొద్దున్న పిల్లలు "రాత్రి మనం ఇది చదివాం" అని ఆయనకి చెబుతారు. ద్వితీయోపదేశకాండం 6:7లో ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు అని నాలుగూ ఉన్నాయి. బస్సుస్టాపు దాకా నడకలో ఆ మాట జరిగినా వాక్యం నెరవేరినట్టే.

ఉక్కునగరం_వాకిలి

ఇది నా లెక్క కంటే బాగుంది. వేళ ఒకటే ఉంటుంది, మారేది నడిపించే మనిషే.

జ్ఞానాపురం_జపమాల

కతోలిక కుటుంబాల పద్ధతి కూడా రాస్తాను, షిఫ్టు ఇళ్లకి పనికొస్తుంది. జపమాల ఐదు పదులూ చెబితే 15 నుంచి 20 నిమిషాలు. ఒక్కో పదికి ఒక రహస్యం, అంటే యేసు, మరియమ్మల జీవితంలోని ఒక ఘట్టం, తలుచుకుంటాం. సోమ, శనివారాలు సంతోష రహస్యాలు, మంగళ, శుక్రవారాలు దుఃఖ రహస్యాలు, బుధ, ఆదివారాలు మహిమ రహస్యాలు, గురువారం వెలుగు రహస్యాలు. ఈ వెలుగు రహస్యాలు 2002లో రెండో జాన్ పాల్ పోపు గారు చేర్చినవి. తీరికలేని రోజు ఒక్క పదే చెప్పవచ్చు: ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం. నాలుగు నిమిషాలు పడుతుంది.

దీంట్లో మేలేమిటంటే ఎవరూ మాటలు కూర్చుకోనక్కర్లేదు. రాత్రి షిఫ్టు చేసి అలిసిన మనిషి నోటికి కూడా వస్తుంది, నాలుగేళ్ల పిల్లకీ వస్తుంది. డ్యూటీలో ఉన్నవాళ్లు విడిగా అదే పది చెప్పుకోవచ్చు. చెడేది వేగంలో. పెద్దవాళ్లు గబగబా చెబితే పిల్లలు చివరి మాట మాత్రం అందుకుంటారు. పదికి ముందు ఆ రహస్యం ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పి, కాస్త ఆగి మొదలుపెడితే వేగం దానంతటదే తగ్గుతుంది.

సీతమ్మధార_ఇంగ్లీషుమీడియం

వేళ సంగతి తేలింది గానీ భాష సంగతో? ఎనిమిదో తరగతి పిల్లకి తెలుగు బైబిల్ ఇస్తే "అతిక్రమము" దగ్గర ఆగుతుంది, "ప్రాయశ్చిత్తము" దగ్గర మూసేస్తుంది. ఇంగ్లీషులో పెడితే నాయనమ్మ బయట ఉండిపోతుంది.

పాతపోస్టాఫీసు

ఈ ఊళ్లో ఆ మాట అడగడం నాకు కష్టంగా ఉంది. లండన్ మిషన్ తరఫున 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డేగ్రాంజెస్ ఇక్కడే తెలుగు నేర్చుకుని సువార్తలు తెలుగు చెయ్యడానికి పూనుకున్నారు. ఆ ఊరి పిల్లలకి తెలుగు వాక్యం అందకపోవడమా?

సండేస్కూల్_మర్రిపాలెం

కష్టపడండి అన్నా, కానీ పిల్లని తప్పుపట్టకండి. ఆ రోజుల్లో వాళ్లు తెలుగు చేసిందీ ఇక్కడివాళ్లకి అర్థం కావాలనే. పని ఇలా పంచండి. చదవడానికి వాడుక భాషలో వచ్చిన అనువాదం, కంఠస్థానికి పాత అనువాదం. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అన్నది నాయనమ్మ నోట ఎలా ఉందో పిల్ల నోట కూడా అలాగే ఉండాలి. రేపు ఆసుపత్రి మంచం దగ్గర ఇద్దరూ కలిసి చెప్పగలిగేది అదే. చదవడం నేర్పడానికి చిన్నవి తీసుకోండి: 117వ కీర్తన రెండే వచనాలు, 133, 134 మూడేసి, 100వ కీర్తన ఐదు, 23వది ఆరు. వారానికొకటి.

పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇవ్వడం మాత్రం మానండి. ఆ అక్షరాల్లో తకీ టకీ, లకీ ళకీ, నకీ ణకీ తేడా లేదు. పిల్ల అలాగే పాడుతుంది, ఆ తప్పు పెద్దయ్యాక పోదు. తెలుగు అక్షరాల పుస్తకమే చేతిలో పెట్టి, వేలు పెట్టి చూపిస్తూ పాడితే ఆరు నెలల్లో చదువుతుంది.

పెదజాలరిపేట_అల

షిఫ్టులంటే ప్లాంటువాళ్లవే కాదండి. తెల్లారకముందే తెప్ప దించే ఇంట్లో రాత్రి ఎనిమిదింపావుకి మగవాళ్లు నిద్రలో ఉంటారు. మరబోటు మీద వెళ్లినవాళ్లు రోజుల తరబడి ఇంటికే రారు. అలాంటి ఇళ్లలో సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఆడవాళ్లూ పిల్లలే చేసుకోవాలి, సముద్రం మీద ఉన్న ప్రతి ఒక్కరి పేరూ చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. బోట్ల మీద వెళ్లే తండ్రులు రోజూ ఇంట్లో ఉండే కాలం అదే. నడిపించడం అలవాటు లేని తండ్రికి నేర్చుకోవడానికి అంతకంటే మంచి అదను లేదు. మొదటి పది రోజులు పరలోక ప్రార్థన మాత్రమే నడిపించమనండి. తర్వాత వాక్యం.

సీతమ్మధార_ఇంగ్లీషుమీడియం

చివరిగా ఒకటి. ఇంటర్ చదివే కొడుకు. స్టడీ అవర్లు ముగించుకుని తొమ్మిదింటికి వస్తాడు, "నాకు నమ్మకం లేదు, కూర్చోను" అంటాడు. అప్పుడు?

పాతపోస్టాఫీసు

కూర్చోవాలి. "నేనూ నా యింటివారూ యెహోవాను సేవిస్తాం" అన్నాడు యెహోషువ. ఆ ఇంట్లో తింటున్నవాడు ఆ ఇంటివాడే. నోరు తెరిచి ప్రార్థించమని అడగను, కళ్లు మూసుకోమని కూడా అడగను. పది నిమిషాలు అందరితో కూర్చోమంటాను.

సండేస్కూల్_మర్రిపాలెం

అన్నా, అదే యెహోషువ 24:15లో ఆ మాటకి ముందు "ఎవరిని సేవిస్తారో మీరు కోరుకోండి" అని ఉంది. ఎనిమిదేళ్ల పిల్లని కూర్చోబెట్టడం పెంపకం. పదిహేడేళ్ల వాడిని కూర్చోబెడితే వాడు అక్కడ నేర్చుకునేది నటించడం. నటన అలవాటైన పిల్లవాడు హాస్టల్‌కి వెళ్లిన మొదటి ఆదివారమే చర్చి మానేస్తాడు, ఇంటికి ఫోన్ చేసి "వెళ్లాను" అంటాడు. రానంటే రానివ్వకండి. కానీ వేళ వాడి కోసం మార్చకండి, ఆపకండి. తలుపు తీసే ఉంచండి, వాడి పేరు కృతజ్ఞతతో చెప్పండి. వాడి అన్నం వేడిగా ఉంచండి. తొమ్మిదింటికి వచ్చి తింటున్నప్పుడు అమ్మో నాన్నో పక్కన కూర్చోండి, ప్రార్థన ఊసెత్తకుండా. వాడి సందేహాలు వస్తే అక్కడే వస్తాయి.

పాతపోస్టాఫీసు

నటన గురించి అన్నది ఒప్పుకుంటాను. పూర్తిగా వదిలెయ్యడం మాత్రం ఒప్పుకోలేను. ఆదివారం ఒక్క రోజు, మధ్యాహ్నం భోజనం దగ్గర, అందరితో ఉండాలి. అంతవరకు అడిగే అధికారం తల్లిదండ్రులకి ఉంది.

షీలానగర్_వంటిల్లు

అడగండి అన్నా. ఆ ఆదివారం వడ్డించే పని కూడా వాడికే ఇవ్వండి. చేతిలో పని ఉన్న పిల్లవాడు లేచి వెళ్లడు.