కొలంబో: ఎడ్రియన్ కార్సినీని ఓడించింది పోర్ట్ వైనా, కరెనా?

ప్రశ్న (సీసా బిరడా)

1973 అక్టోబరులో ప్రసారమైన ‘ఎనీ ఓల్డ్ పోర్ట్ ఇన్ ఎ స్టార్మ్’ అనే ఎపిసోడ్‌ను (పోలీసు డిటెక్టివ్ కొలంబో హీరోగా వచ్చిన అమెరికన్ టీవీ సీరియల్ ‘కొలంబో’లోది) అమెరికాలో ఎమ్మెస్ చదివే రోజుల్లో మొదటిసారి చూశాను. నిన్న రాత్రి మళ్లీ చూశాను. హంతకుడెవరో ఆరంభంలోనే చూపించేస్తారు కనుక రెండోసారి చూస్తే పస తగ్గుతుందేమో అనుకున్నాను గానీ, అప్పుడు పట్టించుకోని కరెన్ పాత్ర ఇప్పుడు నిద్ర పట్టనివ్వలేదు.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. తండ్రి వైనరీని సవతి తమ్ముడు రిక్ పేరిట రాసిపోగా, దాన్ని ప్రాణంగా నడిపేది మాత్రం ఎడ్రియన్ (డోనాల్డ్ ప్లెజెన్స్). రిక్ దాన్ని అమ్మేస్తానంటాడు. ఎడ్రియన్ అతణ్ణి కొట్టి పడేసి, కట్టేసి, వైన్ నిలవచేసే గదిలో పెట్టి, ఎయిర్ కండిషనర్ ఆపేసి, సెక్రటరీ కరెన్ (జూలీ హారిస్)తో కలిసి న్యూయార్క్‌లో జరిగే వైన్ వేలానికి వెళ్లిపోతాడు. తిరిగివచ్చాక శవానికి ఈతగాడి దుస్తులు తొడిగి, సముద్రంలో ప్రమాదం జరిగినట్టు భ్రమ కల్పిస్తాడు. అతను ఊళ్లో లేని రోజుల్లో వంద డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన ఎండ కాసిందని మాత్రం అతనికి తెలియదు. అదే గదిలోని 1945 నాటి పోర్ట్ వైన్‌ను కొలంబో హోటల్లో విందు చివర వడ్డింపజేస్తే, ఎడ్రియన్ ఒక్క గుక్కకే అది వేడికి పాడైందని గుర్తించి, నలుగురిలో మండిపడతాడు.

నా సందేహం ఇదీ. ఆ సీసా ఒక్కటే అతణ్ణి ఒప్పించిందా? అతని కోసం అబద్ధమాడిన కరెన్, ఆ అబద్ధానికి ప్రతిఫలంగా పెళ్లి కోరకపోయి ఉంటే అతను నేరం ఒప్పుకునేవాడా?

జవాబు (నల్లకోటు)

వకీలుగా చెప్పాలంటే ఆ సీసా కోర్టులో నిలబడటం కష్టం. వారెంటు లేకుండా, యజమాని అనుమతి లేకుండా పోలీసు అధికారి ఆ గదిలోంచి సీసా తెచ్చాడు. అక్రమ సోదాలో దొరికిన సాక్ష్యం రాష్ట్రాల కోర్టుల్లోనూ చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1961లోనే మాప్ కేసులో తేల్చింది. మన దగ్గరైతే పరిస్థితి వేరు. పూరణ్ మల్ కేసులో మన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, సోదా అక్రమమైనంత మాత్రాన కేసుకు సంబంధించిన సాక్ష్యాన్ని పక్కన పెట్టనక్కర్లేదు. అంటే లాస్ ఏంజెలెస్‌లో తప్పించుకోగల ఎడ్రియన్, విజయవాడలో అయితే ఇరుక్కునేవాడు!

పైగా సీసా చెల్లినా, అది రుజువు చేసేది ఎయిర్ కండిషనర్ ఆగిపోయిందన్న విషయాన్నే తప్ప హత్యను కాదు. వాన కురిసినా మరక పడని రిక్ కారు, శవపరీక్షలో తేలిన ఖాళీ కడుపు, ఇవన్నీ కలిపినా పరోక్ష సాక్ష్యాలే. కనుక నేరాంగీకారం లేకపోతే కేసు బలహీనమే. మీ సందేహంలో పస ఉంది.

జవాబు (జాడీ మూత)

కరెన్ సంగతి తర్వాత. ముందు ఆ నాలుక సంగతి చూడండి. మా అమ్మమ్మ ఆవకాయ జాడీ మూత తీస్తూనే ఎవరో తడి గరిటె పెట్టారని చెప్పేసేది, ఎవరు పెట్టారో కూడా చాలాసార్లు చెప్పేది. అలాంటివాళ్లు రుచి విషయంలో అబద్ధమాడలేరు. పాడైన పోర్ట్‌ను బాగుందని మింగేసి ఉంటే ఎడ్రియన్ బయటపడేవాడు, కానీ అలా మింగగలిగితే అతను ఎడ్రియన్ కాడు. కొలంబో పన్నిన వలంతా ఈ ఒక్క నమ్మకం మీదే ఆధారపడింది.

ఒక చిన్న అభ్యంతరం కూడా ఉంది. పోర్ట్‌లో ద్రాక్ష స్పిరిట్ కలుపుతారు కాబట్టి దానికి మామూలు వైన్ కంటే ఓర్పు ఎక్కువ. దాని దాయాది మదీరా అనే వైన్‌ను కావాలనే నెలల తరబడి వేడి చేస్తారు. కాబట్టి కొద్ది రోజుల ఎండకే ఆ సీసా అంతగా చెడుతుందా అన్నది అనుమానమే. దీన్ని నేను కథకు ఇచ్చిన రాయితీగా భావిస్తాను.

మళ్లీ (సీసా బిరడా)

ఇద్దరికీ ధన్యవాదాలు. మీ మాటలు చదివాక ఆఖరి ఇరవై నిమిషాలు మళ్లీ చూశాను. సముద్రపు ఒడ్డున చెడిపోయిన సీసాలను ఒక్కొక్కటిగా విసిరేస్తున్న ఎడ్రియన్ ముఖంలో పట్టుబడ్డ భయం లేదు, ఇల్లు కూలిపోయినవాడి దిగులు ఉంది. తమ్ముడి కోసం అంత బాధపడలేదు మహానుభావుడు! కరెన్‌తో పెళ్లి గురించి చెబుతూ, స్వేచ్ఛ అనేది సాపేక్షమన్నట్టు అతను అన్న మాటను మొదటిసారి చమత్కారమనుకుని నవ్వుకున్నాను. ఇప్పుడు అది జైలును ఆమెతో కాపురాన్ని తూచి చూసి తేల్చుకున్న లెక్కలా వినిపించింది. అయితే కరెన్ మీద కూడా జాలి కలిగింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనిషి, ఆమె కంటే జైలే నయమనుకున్నాడు.

చివర కారులో కొలంబో మోంటెఫియాస్కోనే సీసా తీసి పోసినప్పుడు, భోజనానంతరం తాగే ఆ తీపి వైన్‌ను ఎంచుకున్నందుకు ఎడ్రియన్ అతణ్ణి మెచ్చుకుంటాడు. కొలంబో పొంగిపోతాడు. ఆ సీనులో కరెన్ లేదు.