ఒక్కరే నడిపే క్లినిక్‌లో రాతపని తగ్గించుకోవడం ఎలా?

ప్రశ్న:
వైద్య మిత్రులకు నమస్కారం. తెనాలి దగ్గర ఒక ఊళ్లో పడకలు లేని చిన్న క్లినిక్ నడుపుతున్నాను. సాయానికి ఉన్నది ఒక్క కాంపౌండరే. సాయంత్రం ఓపీ ముగిశాక సెలవు సర్టిఫికెట్లు, బీమా ఫారాలు, రిజిస్టర్లు రాస్తూ కూర్చునేసరికి బాగా పొద్దుపోతోంది. వీటిలో తప్పనిసరిగా రాయవలసినవేవి, కాంపౌండరుకు అప్పగించదగినవేవి? దయచేసి తెలియజేయండి.

జవాబు:
డాక్టర్ గారూ, 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తనా నియమావళిని ఒకసారి దగ్గర పెట్టుకుని చదవండి. మూడేళ్లపాటు రికార్డులు భద్రపరచాలన్న నియమం అందులో ఇన్‌పేషెంట్లకు, అంటే పడకల్లో చేర్చుకున్నవారికి వర్తిస్తుంది. కాబట్టి జలుబు, జ్వరాలకు వచ్చే ప్రతి ఒక్కరికీ మీరు పెద్ద కేస్ షీటు నింపనక్కర్లేదు. అయితే వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది గనుక, తేదీ, బాధ, పరీక్షలో కనబడినది, ఇచ్చిన మందు, ఈ నాలుగూ ఓపీ రిజిస్టరులో ఒక్క వరుసలో రాసి ఉంచడం మీకే రక్షణ.

సర్టిఫికెట్ల సంగతి వేరు. వాటికి ప్రత్యేక రిజిస్టరు ఉండి తీరాలి. రోగి సంతకమో వేలిముద్రో, చిరునామా, కనీసం ఒక గుర్తింపు చిహ్నం అందులో నమోదు కావాలి, ఇచ్చిన సర్టిఫికెట్ నకలు మీ దగ్గర మిగలాలి. అచ్చు వేయించిన నంబర్ల పుస్తకంలో కార్బన్ పెట్టి రాస్తే నకలు, రిజిస్టరు రెండూ ఒకేసారి అయిపోతాయి. పేరు, చిరునామా, కుడి చెంప మీది పుట్టుమచ్చ వంటి వివరాలు రోగి బల్ల మీద కూర్చున్నప్పుడే కాంపౌండరు రాసేయవచ్చు. రోగనిర్ధారణ, విశ్రాంతి రోజులు, సంతకం మాత్రం మీవే.

అసలు సమయం తినేది పాత తేదీతో సర్టిఫికెట్ ఇమ్మని వచ్చేవాళ్లతో జరిగే వాదన అని నా అనుభవం. అబద్ధపు సర్టిఫికెట్ మీద సంతకం చేస్తే వైద్యుల రిజిస్టరు నుంచి డాక్టరు పేరు తొలగించవచ్చని అదే నియమావళి చెబుతోంది. ఆ మాట తెలుగులో బోర్డు రాయించి టోకెన్ ఇచ్చేచోట పెట్టండి. అడిగేవాళ్లు సగం అక్కడే ఆగిపోతారు.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. ఆసుపత్రి వ్యర్థాల రిజిస్టరు, క్షయ నమోదు మాటేమిటి?

జవాబు:
2016 వ్యర్థాల నియమాల ప్రకారం పడకలు లేని క్లినిక్‌కు అనుమతి ఒక్కసారి తీసుకుంటే చాలు, ఏటా పునరుద్ధరణ అవసరం లేదు. వార్షిక నివేదిక జూన్ 30 లోపు పంపాలి. రోజువారీ రిజిస్టరు కాంపౌండరు చేత, వ్యర్థాల సంచులు తీసుకెళ్లే బండికి అప్పగించేటప్పుడే రాయించండి. క్షయ కేసును ప్రభుత్వానికి తెలియజేయడం (ఇప్పుడు నిక్షయ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో నమోదు చేస్తారు) 2012 నుంచి ప్రైవేటు వైద్యులకూ తప్పనిసరి. దీన్ని మాత్రం వారాంతానికి వాయిదా వేయవద్దని నా మనవి, ఎందుకంటే ఆ రోగి ఇంట్లోవాళ్ల పరీక్షలు ఆ నమోదుతోనే మొదలవుతాయి.

బీమా ఫారాలకు, రోగి వివరాలతో ఒక పేజీ సారాంశం టైపు చేయించి సంతకం పెట్టి జత చేయండి. ఫారంలో ఆ గడుల దగ్గర "జతపరచిన సారాంశం చూడండి" అని రాస్తే చాలా సంస్థలు ఒప్పుకుంటున్నాయి.