కేమన్ ఉన్నవాడు జీఆర్86 నడిపొస్తే: మన వైజాగ్ రోడ్లకి ఏది సరదా?

లాసన్స్‌బే_కేమన్:
తిట్టాలనుకున్నవాళ్ళు పూర్తిగా చదివి తిట్టండి. నా దగ్గర 2017 పోర్షే 718 కేమన్ ఉంది. 2 లీటర్ల టర్బో, 300 హార్స్‌పవర్, పీడీకే అనే పోర్షే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, క్లచ్ పెడల్ ఉండదు. కొన్నప్పుడు ఎక్స్‌షోరూమే 80 లక్షలు దాటింది. మొన్న మా అమ్మాయి దగ్గరికి మెల్‌బోర్న్ వెళ్తే, అల్లుడు టొయోటా జీఆర్86 కొనాలని తిరుగుతున్నాడు. మన దేశంలో టొయోటా దాన్ని అమ్మట్లేదు, అక్కడ కేమన్ ధరలో సగం లోపే వస్తుంది. డాండెనాంగ్ కొండల అంచున షోరూమ్. అల్లుడి తర్వాత నాకూ స్టీరింగ్ ఇచ్చారు. పావుగంట.

ఎక్కగానే పెదవి విరిచాను. తలుపేస్తే డబ్బా మూత చప్పుడు. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్కు గురించి మాట్లాడకపోవడమే మర్యాద. వెనక సీట్లో మనవడి స్కూలు బ్యాగు పడుతుంది, మనవడు పట్టడు. కానీ క్లచ్ తొక్కి, రెండో గేరులో కొండ మలుపు తిప్పానా, టర్బో లేని ఆ 2.4 లీటర్ల బాక్సర్ ఇంజన్ (సిలిండర్లు అటూ ఇటూ పడుకుని ఉండేది) నిమిషానికి 7,000 చుట్ల (ఆర్‌పీఎం) దాకా అరుచుకుంటూ పోయింది. స్పీడు చూస్తే 60. కేమన్‌లో 60 అంటే నాకు ఆవలింతలొస్తాయి.

ఎనిమిదేళ్ళ నుంచి లాసన్స్ బే, రుషికొండ మధ్య ఆ బండిని తిప్పుతున్నా. ఏనుగుని పెరట్లో కట్టేసి మేపుతున్నట్టుంది. మన ఊరికి జీఆర్86 లాంటిదే సరైన స్పోర్ట్స్ కారని నా వాదన. కాదనేవాళ్ళు రండి.

ఘాట్‌రోడ్_గిరి:
డాక్టరుగారూ, పొరుగింటి పుల్లకూర రుచి. పావుగంటలో ఏ కారైనా ముద్దొస్తుంది. అరకు వెళ్ళేటప్పుడు టైడా దాటాక మలుపుకో లారీ అడ్డం పడుతుంది, మీకు తెలియందేం కాదు. ఖాళీ నాలుగు సెకన్లు దొరికితే గొప్ప. మీ కేమన్‌కి 380 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం) 1,950 ఆర్‌పీఎం నుంచే ఉంది. ఆ బండికి ఉన్న 250 అందాలంటే 3,700 దాకా లాగాలి. ఇటు తగిలించి అటు దాటేసి మన లేన్‌లోకొచ్చేయడం, అదీ నా దృష్టిలో స్పోర్ట్స్ కారు పని. 100 అందుకోవడానికి మీది 4.9 సెకన్లు, అది 6.3. మిగతాదంతా పెళ్ళిచూపుల మోజు.

ఇంకోటి. స్పీడు బ్రేకరు దగ్గర మూతి గీసుకోవడంలో అది మీ బండికేం తీసిపోదు. నేల నుంచి ఎత్తు 130 మిల్లీమీటర్లే.

బేరింగ్_బాబాయ్:
ఇద్దరూ కారు గురించి కాకుండా బ్రోషరు గురించి కొట్టుకుంటున్నారు. ముందు డాక్టరుగారి లెక్క సరిచేద్దాం. జీఆర్86 రెండో గేరులో 7,000 అంటే 90 దాటిపోతుంది. 60కి 7,000 చూపించిందంటే మీరు మొదటి గేరులో ఉన్నారు, లేదా ఆర్‌పీఎం సూదిని చూడకుండా చెవితో లెక్కేశారు. రెండోదే అయ్యుంటుంది, ఎందుకంటే ఆ అరుపులో కొంత స్పీకర్లలోంచి వేస్తారు.

తేలిక బండి అన్న భ్రమ కూడా వదలండి. అది దాదాపు 1,280 కిలోలు, మాన్యువల్ 718 కేమన్ 1,335. తేడా సన్నగా ఉన్న ఒక మనిషి. అయినా మీకు అది గంతులేసినట్టు అనిపించిందంటే కారణాలు రెండు. ఒకటి టైర్లు. మీ కేమన్ వెనక 265 మిల్లీమీటర్ల వెడల్పువి. దానికి నాలుగూ 215. 2012లో దాని అన్న జీటీ86 వచ్చినప్పుడైతే, ప్రయస్ హైబ్రిడ్‌కి వాడే రకం మిషలిన్ ప్రైమసీ టైర్లనే తొడిగారు, తక్కువ స్పీడులోనే వెనక భాగం కదలాలని. పట్టు తక్కువైతే బండి ముందే మాట్లాడుతుంది. మీ కేమన్ 60 దగ్గర నోరు విప్పదు, దానికి చెప్పడానికేం ఉండదు.

రెండోది మీ ఎడమ కాలు. ఎనిమిదేళ్ళుగా ఖాళీగా ఉంది, ఆ రోజు పని దొరికింది. మాన్యువల్ కేమన్ ఎక్కించి మలుపుల్లో తిప్పమంటే ఈ పోస్టు వచ్చేది కాదని నా అనుమానం.

లాసన్స్‌బే_కేమన్:
సూది చూడలేదు, ఒప్పుకుంటున్నా. పక్కన సేల్స్ కుర్రాడు కూర్చుంటే రోడ్డు చూడనా, సూది చూడనా? క్లచ్ మాట కూడా నిజమే అయ్యుండొచ్చు, రాత్రంతా అదే ఆలోచించాను. గిరిగారి లారీ మాట మాత్రం సగమే ఒప్పుకుంటా. నేను ఘాట్ ఎక్కేది ఏడాదికి రెండుసార్లు. మిగతా 363 రోజులు హనుమంతవాక సిగ్నల్ దగ్గర 380 న్యూటన్ మీటర్లతో ఆటో వెనక నిలబడుతున్నాను.

భీమిలి_వాకింగ్:
వెనక భాగం కదలడం, జారడం అని సంబరపడుతున్నారు, ఎక్కడ కదిలిస్తారో ఎవరూ చెప్పరేం? తెల్లారితే మంగమారిపేట దగ్గర చేపల బుట్టలతో ఆడవాళ్ళు రోడ్డు దాటుతుంటారు. నేను రోజూ అక్కడే నడుస్తాను. 2018లో కేంద్ర నోటిఫికేషన్ నగర రోడ్ల మీద కార్లకి గరిష్ఠం 70 అని పెట్టింది, స్థానికంగా ఇంకా తగ్గించొచ్చు. తక్కువ పట్టు టైర్లు రేస్ ట్రాక్ మీద ముచ్చటే. తోటపల్లి కాలువలా మెలికలు తిరిగే రోడ్డు మీద, వానలో, ఎదురుగా ఆర్టీసీ బస్సుంటే నాకు 265 టైర్ల కేమనే ముద్దు.

గాజువాక_స్విఫ్ట్:
అయ్యబాబోయ్, ఏటండీ ఈ గోల! ఒకరికి ఏనుగు ఎక్కువైపోనాది, ఇంకొకరికి కాలు ఖాళీగా ఉండిపోనాది. నా దగ్గర 2006 స్విఫ్ట్ పెట్రోల్ ఉంది, 1.3 లీటర్లు, 87 హార్స్‌పవర్. శివలింగపురం దాటాక రెండో గేరు, మూడో గేరు, మళ్ళీ రెండో గేరు, అనంతగిరి వచ్చీదాక చెయ్యి ఖాళీ ఉండదు. పిల్లలు వెనక సీట్లో వాంతులు చేసుకుంటారు గానీ నాకు మాత్రం బలే ఉంటాది. మెల్‌బోర్న్ దాకా ఎల్లి తెలుసుకున్నారు మీరు, నన్నడిగితే టీ ఖర్చుతో చెప్పీవోడిని.

బేరింగ్_బాబాయ్:
ఈయన చెప్పిందే నేను మూడు పేరాల్లో చెప్పలేకపోయాను.

ఘాట్‌రోడ్_గిరి:
స్విఫ్ట్‌తో లారీని దాటడం గురించి ఆయన ఏం రాయలేదు, గమనించారా?

గాజువాక_స్విఫ్ట్:
దాటను గురూగారూ. ఎనకాలే ఎల్తాను. పాటలెట్టుకుంటాను.

లాసన్స్‌బే_కేమన్:
గాజువాకగారూ, ఈ ఆదివారం తెల్లవారుజామున రండి. కేమన్ తాళం మీ చేతికిస్తాను, మీ స్విఫ్ట్ నాకివ్వండి. బొర్రా గుహల దగ్గర టిఫిన్ చేసి, అక్కడి నుంచే ఇద్దరం ఇదే థ్రెడ్‌లో రాద్దాం.

గాజువాక_స్విఫ్ట్:
కారు ఇస్తాను గానీ డాక్టరుగారూ, క్లచ్ ప్లేటు అరిగిపోనాది. మీ ఎడమ కాలుకి ముందే చెప్పండి.