కారులో అత్యవసర సంచి: ఏవి ఉంచాలి, ఏవి ఉంచకూడదు?

ప్రశ్న: మలక్‌పేట నివాసి

మా ఇల్లు మూసారాంబాగ్ వంతెనకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారన్న వార్త వస్తే చాలు, ఆ రాత్రి మా వీధిలో ఎవరికీ కంటిమీద కునుకుండదు. 2025 సెప్టెంబరులో మూసీ నీరు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి చేరిన రాత్రి మేము బంధువుల ఇంటికి వెళ్ళాలనుకున్నాము గానీ, అమ్మగారి ఇన్సులిన్, ఇంటి పత్రాలు వెతికేసరికే గంట గడిచింది. అందుకే డిక్కీలో ఎప్పుడూ సిద్ధంగా ఉండేలా ఒక సంచి సర్దుకోవాలనుకుంటున్నాను. నేను, నా భార్య, పదేళ్ళ బాబు, 74 ఏళ్ళ అమ్మగారు, మొత్తం నలుగురం. మంచినీళ్ళు, మందులు, టార్చిలైటు, పవర్ బ్యాంకు, బిస్కెట్లు, పత్రాలు అని రాసుకున్నాను. మరిచినవేమైనా ఉంటే తెలియజేయగలరు.

జవాబు 1: టోలిచౌకి పాతకాపు

సంచి సంగతికి ముందు, మీరు కారు ఎక్కడ నిలుపుతారో చెప్పండి. 2020 అక్టోబరు 13 రాత్రి మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి ర్యాంపు మీదుగా నీరు దిగడం మొదలైనప్పుడు నేను మూడో అంతస్తులో నిశ్చింతగా ఉన్నాను, ఎందుకంటే మీలాగే అన్నీ సర్దిన సంచి నా కారు డిక్కీలో ఉంది. తెల్లవారి చూస్తే కారు పైకప్పు మాత్రమే కనిపించింది. సంచి వారం తరువాత చేతికి వచ్చింది. అందులోని చక్కెర బురదతో కలిసి పాకంలా అంటుకుపోయింది. భారీ వర్ష సూచన ఉన్న రోజున కారును సెల్లార్ నుండి తీసి ఎత్తైన వీధిలో నిలపడం మీ సంచిలోని ఏ వస్తువు కన్నా ముఖ్యమని నా అభిప్రాయం. అసలైన సంచి ఇంటి తలుపు వెనుక కొక్కేనికే వేలాడాలి. కారులో ఉండేది దానికి తోడు మాత్రమే.

జవాబు 2: మందుల షాపు మనిషి

పై వారితో ఏకీభవిస్తూ, నేను ఎండ గురించి చెబుతాను. మే నెలలో బయట 42 డిగ్రీలున్నప్పుడు ఎండలో మూసి ఉంచిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. అమ్మగారి ఇన్సులిన్‌ను కారులో ఎట్టి పరిస్థితుల్లోనూ ఉంచకండి. తెరవని ఇన్సులిన్ 2 నుండి 8 డిగ్రీల మధ్య, అంటే ఫ్రిజ్‌లో, ఉండాలి. కానీ ఫ్రీజర్‌లో గడ్డకట్టినది మళ్ళీ కరిగినా పనికిరాదు. కాబట్టి ఐస్ ప్యాక్‌ను, ఇన్సులిన్ డబ్బాను ఒక తువ్వాలుతో వేరు చేసి, ఫ్లాస్కులో పెట్టి చేత్తో తీసుకువెళ్ళండి. చక్కెర పరీక్ష చేసే స్ట్రిప్పులు కూడా వేడికి, తేమకు చెడిపోతాయి. పవర్ బ్యాంకులోనిది లిథియం బ్యాటరీ కాబట్టి దాన్నీ ఎండలో ఉన్న కారులో వదలకూడదు. డిక్కీలో నిశ్చింతగా ఉంచదగినవి దూది, బ్యాండేజీ, దుప్పటి, తాడు, రెయిన్‌కోటు, పాత చెప్పులు. వరదనీటిలో వట్టికాళ్ళతో నడిచినవారు మేకు గుచ్చుకుని టీటీ ఇంజెక్షన్‌కు రావడం ప్రతి ఏడాదీ చూస్తూనే ఉన్నాను. మంచినీరు మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున లెక్క వేసుకోండి, ఎండాకాలంలో సీసాలు తరచూ మార్చండి. చక్కెర తగ్గినప్పుడు ఇవ్వడానికి గ్లూకోజ్ పొడి ఇంటి సంచిలో ఉండాలి.

జవాబు 3: వర్క్‌షాపు సూపర్‌వైజరు

అద్దం పగలగొట్టే చిన్న సుత్తి కొంటే, దయచేసి డిక్కీలో పెట్టకండి. కారు మునుగుతున్నప్పుడు డిక్కీలోని సుత్తి దేనికి? డ్రైవరు చేతికి అందేలా ఉండాలి. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉండే రకం కాబట్టి పగిలినా ఊడిరాదు, పక్క అద్దం మూలన కొట్టాలి. ఇకపోతే, అడుగు లోతు నీటికే చిన్న కారు తేలడం మొదలవుతుంది. ఎదురుగా నీరు పారుతుంటే వెనక్కి తిప్పుకోవడం మేలు, ఇంజను ఆగిపోతే మళ్ళీ మళ్ళీ స్టార్ట్ చేయకండి. పత్రాల విషయంలో అసలువి ఇంట్లో ఎత్తైన అరలో, నకళ్ళు జిప్ కవరులో, లైసెన్సు, ఆర్సీ డిజిలాకర్‌లో. కొంత నగదు చిన్న నోట్లుగా పెట్టుకోండి, కరెంటు పోతే యూపీఐ కూడా పనిచేయకపోవచ్చు.

మలక్‌పేట నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. మా కారూ సెల్లార్‌లోనే ఉంటుంది. ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు. నిన్న తలుపు వెనుక కొక్కెం కొట్టి రెండు సంచులు వేరు చేశాను. అమ్మగారు చూసి, తన పాత కళ్ళజోడు తెచ్చి పై సంచిలో వేశారు. నా జాబితాలో అది లేదు.