షాపు తెరిచే రోజు దాకా సైట్ దాచి ఉంచాలా? (చేనేత చీరల ఆన్‌లైన్ షాపు)

నేత_వాణి
అందరికీ నమస్కారం. మాది మంగళగిరి. మా మామగారి కాలం నుంచి మగ్గాలు నేయిస్తున్నాం. ఇన్నాళ్లూ షాపులకే వేశాం, ఇప్పుడు సొంతంగా ఆన్‌లైన్ షాపు పెడుతున్నాం. వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మీద వూకామర్స్ (దానికి షాపు జోడించేది). దసరాకి పదిహేను రోజుల ముందు తెరవాలని అనుకుంటున్నాం. 140 చీరలు ఎక్కించాలి, ఇప్పటికి 46 అయ్యాయి. సగం చీరలకు ధర దగ్గర ప్రస్తుతానికి ₹1 అని పెట్టి వదిలేశాను.

మా మరిది "తెరిచే ఉంచు వదినా, గూగుల్‌లో ముందే పడుతుంది" అంటాడు. సైట్ చేస్తున్న అబ్బాయి దాచాల్సిందే అంటాడు. నా భయం వేరే. పోయిన ఏడాది ఒక నిజాం అంచు చీర ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నెల తిరక్కుండా అదే అంచు, అదే రంగు పవర్‌లూమ్ మీద దిగింది, సగం ధరకి. ఏం చేయమంటారు?

కోడ్_కృష్ణ
దాచండి మేడమ్. ఇందులో రెండో మాట లేదు. పదకొండేళ్లుగా సైట్లు చేస్తున్నాను, ఆ ₹1 చూడగానే నాకు గుండె ఆగినంత పనైంది. ఒక బట్టల షాపు సైట్ సగం పనిలో ఉండగా యజమాని తమ్ముడు సంబరంగా లింకు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. క్యాష్ ఆన్ డెలివరీ ఆన్‌లోనే ఉంది. తెల్లారేసరికి 23 ఆర్డర్లు, ఒక్కోటి ఒక్క రూపాయికి. ఎవరూ మోసం చేయలేదు, ప్రారంభోత్సవం ఆఫర్ అనుకున్నారంతే. క్యాన్సిల్ చేస్తే పిన్నిగారు ఆరు నెలలు మాట్లాడలేదు.

వూకామర్స్‌లో 2024 నుంచి ఈ సౌకర్యం లోపలే ఉంది. సెట్టింగ్స్‌లో 'సైట్ విజిబిలిటీ'కి వెళ్లి 'కమింగ్ సూన్' పెట్టండి. వేరే ప్లగిన్ (అదనంగా తగిలించే సాఫ్ట్‌వేర్) అక్కర్లేదు. ప్రైవేట్ లింకు కూడా ఇస్తుంది, అది ఉన్నవాళ్లకు మాత్రం సైట్ మామూలుగా కనిపిస్తుంది. షాపిఫై అని ఇలాంటిదే ఇంకో ఆన్‌లైన్ షాపు సేవ ఉంది, అందులో అయితే మొదటి రోజు నుంచే పాస్‌వర్డ్ పేజీ ఉంటుంది, ప్లాన్ కొనే దాకా తీయనివ్వరు. అంత పెద్ద కంపెనీ ఊరికే అలా పెట్టదు కదా.

పచ్చళ్ల_పార్వతి
నేను ఒప్పుకోను. దాచి నష్టపోయినదాన్ని నేను. మాది తణుకు, పచ్చళ్ల వ్యాపారం. మార్చికల్లా సైట్ రెడీ అన్నాడు చేసినాయన. "ఇంకొంచెం పని ఉంది, దాచి ఉంచుదాం" అంటూ మే సగం దాకా లాగాడు. ఆవకాయ ఎప్పుడు అమ్ముడుపోతుందో మీకు తెలుసు. కొత్తావకాయ కోసం జనం వెతికేది ఏప్రిల్, మే నెలల్లోనే. కాయ కొట్టించి, గుండ కలిపి, అరవై కిలోలు జాడీల్లో పెట్టుకుని కూర్చున్నాం. తెరిచాక కూడా గూగుల్‌లో రాలేదు. డల్లాస్‌లో మా అమ్మాయి స్నేహితురాలు మా పేరు కొట్టి వెతికితే ఇంకెవరిదో షాపు వచ్చిందట. ఆషాఢంలో తెలిసింది, దాచినప్పుడు పెట్టిన టిక్కు ఒకటి తీయడం మర్చిపోయాడని. ఏడాది పోయింది నాకు.

సర్వర్_సూరి
పార్వతి గారు చెప్పిన టిక్కు వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్, రీడింగ్ పేజీలో ఉంటుంది. సెర్చ్ ఇంజిన్లు ఈ సైట్‌ను చేర్చుకోవద్దు అని చెప్పే టిక్కు. అది దాచడం కాదు, దయచేసి చూపించకండి అని అడగడం మాత్రమే. లింకు తెలిసిన ఎవరికైనా సైట్ తెరుచుకుంటుంది.

అలాగే రోబోట్స్ ఫైలులో (ఏ పేజీల్లోకి రావచ్చో సెర్చ్ ఇంజిన్లకు చెప్పే ఫైలు) 'డిజాలో', అంటే రావద్దు అని రాసి దాచేశాం అనుకునేవాళ్లు చాలామంది. ఆ ఫైలు ఎవరైనా తెరిచి చదవచ్చు. అందులో దసరా కలెక్షన్ ఫోల్డర్ పేరు రాస్తే మీరే దారి చూపినట్టు. పైగా అలా ఆపిన పేజీ లోపలికి గూగుల్ రాలేకపోతుంది కాబట్టి, అక్కడ 'నోఇండెక్స్' (సెర్చ్‌లో చేర్చుకోవద్దు) అని రాసినా దానికి కనపడదు. బయట ఎవరైనా లింకు ఇస్తే అడ్రసు ఒక్కటీ సెర్చ్‌లో పడిపోతుంది.

కోడ్_కృష్ణ
సూరి గారూ, ఇక్కడ రోబోట్స్ ఫైలు గురించి ఎవరూ అడగలేదు. పార్వతి గారూ, మీకు జరిగింది బాధాకరమే. కానీ అది దాచడంలో తప్పు కాదు, టిక్కు తీయకపోవడంలో తప్పు.

సర్వర్_సూరి
అడగలేదు కానీ అదే తప్పు అందరూ చేస్తున్నారు. ఇంకొకటి. కమింగ్ సూన్ పేజీ వెనక చీర ఫొటోలు భద్రం అనుకోకండి వాణి గారూ. పేజీ మూసినా, అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్న ఫొటో సొంత అడ్రసు తెలిస్తే నేరుగా తెరుచుకుంటుంది. ఫొటోలతో సహా మూయాలంటే సర్వర్ దగ్గరే పాస్‌వర్డ్ పెట్టాలి. స్టేజింగ్ అని, సైట్‌ను ముందు సరిచూసుకోవడానికి వేరే సబ్‌డొమైన్ (మీ సైట్ పేరు ముందు ఇంకో పేరు చేర్చిన అడ్రసు) పెట్టి దానికి విడిగా ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ (సైట్ భద్రతా పత్రం) తీసుకుంటే, ఆ పేరు కూడా ఎవరైనా చూడగల బహిరంగ జాబితాల్లో నమోదవుతుంది.

నిజాంపేట్_నవీన్
మొత్తం మూయకండి అక్కా. పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సేవ) వాళ్లు సైట్ తెరిచి రిఫండ్, షిప్పింగ్, ప్రైవసీ, కాంటాక్ట్ పేజీలు చూశాకే ఖాతా ఇస్తారు. నాకు పాస్‌వర్డ్ పేజీ చూసి రెండుసార్లు వెనక్కి పంపారు, పన్నెండు రోజులు పోయాయి. వూకామర్స్‌లో షాపు పేజీలు మాత్రమే మూసే ఆప్షన్ ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సంస్థ పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి పేరు ఎలాగూ పెట్టాలి. ఆ పేజీలన్నీ ముందే తెరిచి ఉంచండి.

నేత_వాణి
ఇది నాకు ఎవరూ చెప్పలేదు నవీన్ గారూ. సైట్ చేస్తున్న అబ్బాయి మొత్తం మూసేశాడు. గేట్‌వేకి ఇంకా అప్లై చేయలేదట.

పచ్చళ్ల_పార్వతి
చూశారా! అందుకే అంటున్నాను. సగం తయారైన సైట్ జనం చూస్తే ఏమవుతుంది? మా వీధిలో షాపు కడుతున్నప్పుడు గోనెపట్టాలు కట్టి దాచారా? రోజూ వచ్చిపోయేవాళ్లు చూస్తూనే ఉన్నారు, తెరిచిన రోజు వాళ్లే మొదటి బేరం చేశారు.

కోడ్_కృష్ణ
షాపు కడుతున్నప్పుడు గల్లాపెట్టె బయట పెట్టరండీ. సైట్‌లో అది మొదటి రోజు నుంచే ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పాలి? మీ కేసు ఒక్కటి పట్టుకుని అందరినీ తెరిచి పెట్టమంటే, రేపు నష్టపోయేది వాణి గారు.

పచ్చళ్ల_పార్వతి
నా కేసు ఒక్కటి కాదు బాబూ. నాకు తెలిసిన ముగ్గురిది ఇదే కథ. ఎందుకు దాచాడో చివరికి తెలిసింది. మిగతా ₹18,000 ఇచ్చే దాకా తెరవనన్నాడు. పని పూర్తయితే ఇస్తానన్నాను. పూర్తయిందో లేదో చూద్దామంటే పాస్‌వర్డ్ నాకు లేదు. నా పచ్చళ్లు, నా ఫొటోలు, నా డబ్బుతో కొన్న డొమైన్ (సైట్ పేరు). నా షాపు నా నుంచే దాచారు. మీరు జనం నుంచి దాచడం గురించి మాట్లాడుతున్నారు, నేను దాని గురించి మాట్లాడటం లేదు.

డల్లాస్_బుజ్జి
పార్వతి గారూ, ఇది మొదట్లోనే చెప్పాల్సింది.

కోడ్_కృష్ణ
సరే, నేనూ చెప్తాను. ఇద్దరు క్లయింట్లు లాగిన్ తీసుకున్న రోజే ఫోన్ ఎత్తడం మానేశారు. ఒకరి దగ్గర ₹35,000 రావాలి. నాలుగు నెలల పని. ఇంట్లో పాపకి ఫీజు కట్టే నెల అది. అప్పటి నుంచి పూర్తి డబ్బు వచ్చే దాకా అడ్మిన్ లాగిన్ నా దగ్గరే ఉంచుకుంటున్నాను. అవును, సైట్ మూసే ఉంచుతాను. అది తప్పని మీరంటే అనండి, కానీ మా వైపు ఎవరూ నిలబడరు.

పచ్చళ్ల_పార్వతి
డబ్బు ఎగ్గొట్టిన వాళ్లది తప్పే. దానికి నా సీజన్ ఎందుకు పోవాలి? బాకీ ఉంటే బాకీ అని చెప్పి అడగాలి. "ఇంకొంచెం పని ఉంది" అని అబద్ధం చెప్పి కాదు.

కోడ్_కృష్ణ
అబద్ధం చెప్పడం తప్పు. అది ఒప్పుకుంటాను. నేను ముందే కాగితం మీద రాసిస్తాను, ఎంత డబ్బు వస్తే ఏం అప్పగిస్తానో.

నేత_వాణి
మీ ఇద్దరివీ చదివాక చేతులు వణికాయి. షాపు పేజీలు మాత్రమే మూయించి, మిగతావి తెరిపిద్దామనుకున్నాను. కొత్త అంచుల ఫొటోలు చివరి వారం దాకా ఎక్కించను, పాత డిజైన్లతో ముందు నింపుతాను. ఈ సంగతి చెబుదామని సైట్ చేస్తున్న అబ్బాయిని పొద్దున అడ్మిన్ లాగిన్ అడిగాను. బ్లూ టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

పచ్చళ్ల_పార్వతి
డొమైన్ ఎవరి మెయిల్ మీద కొన్నారమ్మా? ముందు అది చూడు.

నేత_వాణి
అతని మెయిల్ మీదే.

కోడ్_కృష్ణ
మేడమ్, గొడవ పడకండి. ఫోన్ చేసి బాకీ ఎంతో తేల్చుకోండి. డొమైన్ మీ మెయిల్‌కి మార్చిన రోజే అందులో సగం ఇస్తానని మెసేజ్ పెట్టండి, రాతలో ఉండాలి. అతను ఎక్కడైనా ఇరుక్కుంటే నా నంబర్ ఇవ్వండి, ఎలా మార్చాలో నేను చెప్తాను. మెసేజ్‌లో పంపుతున్నాను.